ఫొటో లోపలి కీవర్డ్‌లు షాపు ట్యాగులుగా పనికొస్తాయా?

సబ్బులు అమ్మే ఆన్‌లైన్ షాపుకూ చేనేత చీరలు అమ్మే ఆన్‌లైన్ షాపుకూ రోజువారీ పనిలో పెద్ద తేడా ఉంటుంది. సబ్బుకు ఒకసారి పేజీ తయారుచేస్తే ఆ తర్వాత స్టాకు అంకె మార్చుకుంటూ పోతే చాలు. గద్వాల చీరో, ఉప్పాడ జమ్దానీయో అయితే దాదాపు ప్రతి చీరా విడి సరుకే కాబట్టి ప్రతిదానికీ కొత్త పేజీ, కొత్త ఫొటోలు, కొత్త ట్యాగులు కావలసివస్తాయి. ఫొటోలు తీసినవారు వాటిని కంప్యూటర్‌లో సర్దుకునేటప్పుడు ‘గద్వాల’, ‘నెమలి కంఠం రంగు’, ‘కొంగు’ వంటి కీవర్డ్‌లను ఫైలులోనే చేరుస్తారు. ఆ తర్వాత షాపు అడ్మిన్ పేజీలో ఇంకొకరు కూర్చుని ఇంచుమించు అవే మాటలను మళ్లీ టైపు చేస్తారు. ఈ రెండో టైపింగును తప్పించి, ఫైలులో ఉన్న మాటలనే సరుకు ట్యాగులుగా తీసుకుంటే పోలేదా అన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది. సాంకేతికంగా అదేమంత కష్టం కాదు. కాకపోతే కీవర్డ్ చెప్పేది ఫొటోలో ఏం కనిపిస్తోందన్న సంగతి, ట్యాగు చెప్పేది అమ్ముతున్నది ఏమిటన్న సంగతి. ఈ తేడాను లెక్కచేయకుండా రెండింటినీ నేరుగా కలిపేసిన షాపులో పని తగ్గకపోగా, ట్యాగుల జాబితాను శుభ్రం చేసే పని కొత్తగా వచ్చి చేరుతుంది.

ముందు ఆ మాటలు ఫైలులో ఎక్కడుంటాయో చూడాలి. ఫొటోతో పాటు వివరాలు కూడా ప్రయాణించాలన్న అవసరం వార్తాసంస్థలది. ఫొటో ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, అందులో ఎవరున్నారు అన్న సమాచారం ఫొటో నుంచి విడిపోతే పత్రికా కార్యాలయంలో ఆ ఫొటో పనికిరాకుండా పోతుంది. 1965లో ఏర్పడిన ఐపీటీసీ అనే అంతర్జాతీయ వార్తా సంస్థల మండలి 1990ల తొలినాళ్లలో ఇందుకోసం ఒక నమూనాను ప్రకటించగా, అడోబీ ఫొటోషాప్ ఆ గడులను జేపెగ్ ఫైలులో ఇమిడ్చే పద్ధతిని వాడుకలోకి తెచ్చింది. 2001లో అడోబీయే ఎక్స్‌ఎంపీ అనే మరింత వెసులుబాటున్న పద్ధతిని ప్రవేశపెట్టింది, 2012లో అది ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. ఇవి కాక, కెమెరా తనంతట తాను రాసుకునే ఎగ్జిఫ్ భాగంలో కీవర్డ్‌ల కోసం విండోస్ తనదైన గడి ఒకటి వాడుతుంది. ఈ లెక్కన ఒకే జేపెగ్ ఫైలులో కీవర్డ్‌లు మూడు చోట్ల ఉండవచ్చు, మూడు చోట్లా మూడు రకాలుగానూ ఉండవచ్చు. ఈ గందరగోళం చూసే అడోబీ, ఆపిల్, కెనాన్, మైక్రోసాఫ్ట్, నోకియా వంటి సంస్థలు ఒక బృందంగా కూడి, ఏ గడికి ఎప్పుడు ప్రాధాన్యం ఇవ్వాలో 2008లో మార్గదర్శకాలు విడుదల చేశాయి. మంచి ఫొటో సాఫ్ట్‌వేర్‌లు వాటిని చాలావరకు పాటిస్తాయి. షాపు సాఫ్ట్‌వేర్‌ల సంగతి వేరు.

ఉదాహరణకు, వెబ్‌సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే షాపు ప్రోగ్రాం వూకామర్స్‌ను తీసుకుందాం. ఫొటో అప్‌లోడ్ చేయగానే వర్డ్‌ప్రెస్ పాత ఐపీటీసీ గడులను చదివి, కీవర్డ్‌లతో సహా ఆ ఫొటో తాలూకు సమాచారంగా డేటాబేస్‌లో భద్రపరుస్తుంది. అంతటితో దాని పని అయిపోయింది. ఆ మాటలను సరుకు ట్యాగులుగా మార్చదు, అడ్మిన్ తెరమీద చూపించదు కూడా. అందుకు ప్లగిన్, అంటే షాపుకు విడిగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, కావాలి. పైగా కీవర్డ్‌ల కోసం అది వెతికేది పాత గడిలోనే గాని ఎక్స్‌ఎంపీలో కాదు. విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్ తెరిచి ‘ట్యాగ్స్’ దగ్గర రాసిన మాటలు పాత గడికి చేరతాయన్న భరోసా లేదు కాబట్టి, కంప్యూటర్‌లో చక్కగా కనిపించే కీవర్డ్‌లు షాపులోకి వచ్చేసరికి మాయమైనట్టు అనిపిస్తుంది. ఫొటోలను ముందుగానే వెబ్‌పీ అనే తేలికపాటి ఫార్మాట్‌లోకి మార్చి ఎక్కించే షాపుల్లో ఈ చిక్కు ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. వెబ్‌పీ ఫైలులో ఎగ్జిఫ్‌కూ ఎక్స్‌ఎంపీకీ చోటుంది గాని పాత ఐపీటీసీ గడికి చోటే లేదు. జేపెగ్‌లు ఎక్కించినంత కాలం బాగా నడిచిన ప్లగిన్, వెబ్‌పీకి మారిన రోజు నుంచి ఏ తప్పూ చూపించకుండానే ట్యాగులు వేయడం మానేస్తుంది. అందుచేత ప్లగిన్ ఎంచుకునేటప్పుడైనా, డెవలపర్ చేత రాయించుకునేటప్పుడైనా అది ఎక్స్‌ఎంపీని కూడా చదువుతుందా అన్నది మొదట అడగవలసిన ప్రశ్న.

షాపిఫై వంటి వేదికల్లో దారి కొంచెం వేరు. అక్కడ ఒక్కో సరుకుకు 250 ట్యాగుల దాకా పెట్టుకోవచ్చు గాని, ఫొటో లోపలి కీవర్డ్‌లను ట్యాగులుగా మార్చే ఏర్పాటు షాపిఫై చేయదు. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒక ఫోల్డర్‌లోని ఫొటోల కీవర్డ్‌లన్నింటినీ సీఎస్‌వీ పట్టికగా, అంటే కామాలతో విడదీసిన పట్టికగా, రాబట్టుకుని, ఆ పట్టికను సరుకుల దిగుమతి పట్టికలోని ట్యాగుల వరుసకు అతికించాలి. వూకామర్స్ దిగుమతి పట్టికలోనూ ట్యాగుల వరుస ఉంది కనుక అక్కడా ఇదే దారి పనిచేస్తుంది. ప్లగిన్‌తో పోలిస్తే ఇది మొరటు పద్ధతిలా కనిపించినా, చిన్న షాపులకు ఇదే మేలు. మాటలు షాపులోకి వెళ్లేముందు పట్టికలో ఒకసారి కంటికి కనిపిస్తాయి, అనవసరమైనవి అక్కడికక్కడే తీసేయవచ్చు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ట్యాగులను విడదీసేది కామా కాబట్టి కీవర్డ్ లోపల కామా ఉండకూడదు. ఏ ఫొటో ఏ చీరదో చెప్పే గుర్తు, అంటే ఎస్‌కేయూ, ఫైలు పేరులో తప్పనిసరిగా ఉండాలి. ఈ రెండోది లేకపోతే మిగిలిన ఏర్పాటంతా వృథా. కీవర్డ్‌లు ఎంత శ్రద్ధగా రాసినా వాటిని ఏ సరుకుకు అంటించాలో యంత్రానికి తెలియదు.

తెలుగులో కీవర్డ్‌లు రాసేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లిష్ ట్యుటోరియళ్లలో దీని ఊసు సాధారణంగా కనిపించదు. పాత ఐపీటీసీ గడిలో ఒక్కో కీవర్డ్‌కు 64 బైట్లే హద్దు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటుతో సరిపెట్టుకుంటుంది గనుక వారికి ఆ హద్దు ఎప్పుడో గాని అడ్డురాదు. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నకూ యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో మూడేసి బైట్లు పడతాయి. ‘పోచంపల్లి ఇక్కత్ పట్టుచీర’ అన్న మామూలు మాటనే లెక్కవేస్తే పోచంపల్లికి 27, ఇక్కత్‌కు 18, పట్టుచీరకు 24, మధ్యనున్న ఖాళీలకు 2, వెరసి 71 బైట్లు. 64 దగ్గర కోసేస్తే ‘పోచంపల్లి ఇక్కత్ పట్టు’ వరకూ మిగిలి, ఆ తర్వాతి ‘చ’లో మూడింట రెండు వంతులు మాత్రమే ఉంటుంది; తెరమీద అది ఒక ప్రశ్నార్థకపు డబ్బాగా కనిపిస్తుంది. ఎక్స్‌ఎంపీలో ఈ హద్దు లేదు. కాని అక్కడ తప్పించుకున్న మాట షాపులోకి వచ్చాక మళ్లీ దొరికిపోతుంది. వర్డ్‌ప్రెస్ ప్రతి ట్యాగుకూ వెబ్ చిరునామాలో వాడే ఒక పొట్టిపేరు తయారుచేస్తుంది, దాని నిడివి 200 అక్షరాలకు మించకూడదు. చిరునామాలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ తొమ్మిది అక్షరాల సంకేతంగా మారుతుంది కాబట్టి 22 గుర్తుల దగ్గర అది ఆగిపోతుంది. పై మాటలో ఉన్నవి 23 గుర్తులు. పొట్టిపేరులో చివరి ‘ర’ రాలిపోయి ‘పట్టుచీ’ మిగులుతుంది.

దీనికి విరుగుడు సాంకేతికమైనది కాదు. పొడుగు పదబంధాన్ని ఒకే కీవర్డ్‌గా రాసే అలవాటు మానుకుని ‘పోచంపల్లి’, ‘ఇక్కత్’, ‘పట్టు’, ‘చీర’ అని నాలుగుగా రాస్తే ఏ హద్దూ అడ్డురాదు. నిజానికి ట్యాగుల కోణంలోనూ అదే మెరుగు. ఇక్కత్ దుపట్టా వెతికేవారికీ పట్టుచీర వెతికేవారికీ ఆ విడి మాటలే ఉపయోగపడతాయి, అతికించిన పదబంధం ఒక్క చీరల పేజీకే పరిమితమైపోతుంది.

అక్షరాల ఇబ్బంది అక్కడితో తీరదు. పాత గడిలోని మాటలు ఏ సంకేత పద్ధతిలో ఉన్నాయో చెప్పే చిన్న గుర్తు ఫైలులో లేకపోతే, చదివే ప్రోగ్రాం వాటిని పశ్చిమ ఐరోపా అక్షరాలుగా భావించి అర్థంలేని గుర్తుల వరుసను ట్యాగుగా నిలబెడుతుంది. ఇది కంటికి కనిపించే తప్పు కాబట్టి వెంటనే పట్టుకోవచ్చు. కనిపించని తప్పుతోనే కష్టమెక్కువ. ‘ఇక్కత్’ అని టైపు చేసేటప్పుడు కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక గుర్తును చేరుస్తాయి, కొన్ని చేర్చవు. మనిషి కంటికి రెండూ ఒకటే. వాటిని బైట్లుగా పోల్చే ప్రోగ్రాంకు అవి రెండు వేరువేరు మాటలు. సరిచూసే ఏర్పాటు లేకపోతే ఒకే షాపులో ఒకే పేరుతో రెండు ట్యాగులు పుట్టి, ఒకదాని కింద నలభై చీరలూ మరోదాని కింద మూడు చీరలూ చేరే పరిస్థితి వస్తుంది. ఇక గద్వాల–గద్వాల్, జమ్దానీ–జాందానీ వంటి రాత భేదాలు ఎలాగూ ఉన్నవే. కాబట్టి కీవర్డ్‌ను ట్యాగుగా మార్చే దశలో ముందుగా కనబడని గుర్తులనూ అదనపు ఖాళీలనూ తొలగించి, యూనికోడ్ రూపాన్ని ఒకే తీరుకు తెచ్చి, ఆపైనే పోల్చాలి.

ఇక అసలు విషయం. కీవర్డ్‌లను ఫొటోలో ఇమిడ్చే పద్ధతి వార్తాసంస్థల నుంచి స్టాక్ ఫొటో సంస్థలకు వెళ్లింది. అక్కడ అమ్మకానికున్నది ఫొటోయే. ఫొటోలో కనిపించే దీపం, మల్లెపూలు, వాకిలి, నవ్వు అన్నీ కొనేవారికి పనికొచ్చే వివరాలే. అందుకే తన ఫొటోల ప్రింట్లు అమ్ముకునే ఫొటోగ్రాఫర్ షాపులో ఈ పద్ధతి ఏ మార్పూ లేకుండా నడిచిపోతుంది. చీరల షాపులో అమ్మకానికున్నది ఫొటో కాదు. ఇత్తడి కుందె పక్కన, మల్లెదండతో, జుంకాలు పెట్టుకున్న మోడల్ కట్టిన చీరను ఫొటో తీసినవారు తమ పద్ధతి ప్రకారం కుందెనూ మల్లెనూ జుంకాలనూ కీవర్డ్‌లుగా రాస్తారు. వాటిని అలాగే ట్యాగులు చేస్తే జుంకాల కోసం వెతికినవారికి చీర కనిపిస్తుంది. ఇది నవ్వుకుని వదిలేయగల తప్పు.

అన్నీ అలా వదిలేయగలిగినవి కావు. సంప్రదాయ గద్వాల చీరలో ఒళ్లు నూలు. అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదే కుప్పడం పద్ధతిలో కలుపుతారు. అటువంటి చీరకు నాలుగు ఫొటోలు తీశారనుకుందాం. మొత్తం చీర ఫొటోకు ‘నూలు’ అనీ, అంచును దగ్గరగా చూపే ఫొటోకు ‘పట్టు’, ‘జరీ’ అనీ కీవర్డ్‌లు రాశారు. ఫొటో వరకు రెండూ నిజమే, రెండో ఫొటోలో ఉన్నది పట్టు అంచే కదా. ప్లగిన్ నాలుగు ఫొటోల కీవర్డ్‌లనూ కలిపి సరుకుకు అంటించగానే నూలు చీర పట్టు జాబితాలోకి వెళ్లిపోతుంది. పట్టు అని ఎంచుకుని వచ్చిన కొనుగోలుదారుకు అది మోసంగానే కనిపిస్తుంది, యంత్రం చేసిందని చెబితే ఒప్పుకునేవారుండరు. సరుకు అసలు లక్షణాలకు తగ్గట్టుగానే ప్రచారం ఉండాలని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు అమ్మకందారు మీద బాధ్యత పెట్టాయి. పోచంపల్లి ఇక్కత్ వంటి పేర్లకు 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం కింద రక్షణ ఉంది. ఎక్కడో మరమగ్గం బట్ట మీద అచ్చువేసిన ఇక్కత్ డిజైను ఫొటోకు ‘పోచంపల్లి’ అని ఎవరో అలవాటుగా రాసిన కీవర్డ్, ట్యాగుగా మారి షాపు పేజీ మీదికి ఎక్కితే అది అమ్మకందారు చేసిన ప్రకటనే అవుతుంది.

కాబట్టి ఫొటోకూ సరుకుకూ మధ్య ఒక ఆమోద జాబితా ఉండాలి. షాపు ఏ ట్యాగులను వాడుతుందో ముందే తేల్చుకుని, ఫొటోలో ఏ కీవర్డ్ ఉంటే ఏ ట్యాగు వేయాలో పట్టికగా రాసిపెట్టుకోవాలి. జమ్దానీ అన్నా జాందానీ అన్నా ఒకే ట్యాగు పడాలి. పట్టికలో లేని మాట వస్తే యంత్రం దాన్ని ట్యాగు చేయకుండా, వదిలేసిన మాటల జాబితాలో చేర్చాలి. వారానికొకసారి ఆ జాబితా చూస్తే కొత్తగా చేర్చవలసిన మాట ఏదో, రాత తప్పు ఏదో తెలిసిపోతుంది. రంగు, నేత పద్ధతి, సందర్భం వంటివి యంత్రానికి అప్పగించవచ్చు. నూలా పట్టా, చేనేతా కాదా, ఏ ఊరి నేత అన్న మూడు సంగతులను మాత్రం మనిషే సరుకు పేజీలో నింపాలి. ఈ మూడింటినీ ఆటోమేటిక్‌గా వేయడం వల్ల మిగిలే సమయం కన్నా, ఒక్కటి తప్పయితే పోయే పరువు ఎక్కువ. ఒకే చీరకు అనేక ఫొటోలున్నప్పుడు ప్రధాన ఫొటో కీవర్డ్‌లను మాత్రమే తీసుకోవాలన్న నియమం కూడా గద్వాల ఉదాహరణ వంటి తప్పులను చాలావరకు ఆపుతుంది.

‘రంగు:వంగపండు’, ‘నేత:జమ్దానీ’ అన్నట్టు ముందు ఒక తరగతి పేరు చేర్చి కీవర్డ్‌లు రాసే అలవాటు చేసుకుంటే ఇంకొక లాభముంది. వూకామర్స్‌లో కొనుగోలుదారులు పక్కనున్న జాబితాలో టిక్కు పెట్టి వడపోసుకునే రంగు, కొలత వంటివాటికి తగినవి ట్యాగులు కావు, గుణాలు. అంటే అడ్మిన్‌లో అట్రిబ్యూట్స్ అని కనిపించేవి. తరగతి పేరు ముందే ఉంటే ఏది గుణంగా వెళ్లాలో, ఏది ట్యాగుగా వెళ్లాలో ప్లగిన్ తేల్చుకోగలదు. ప్రతి ట్యాగుకూ షాపులో ఒక విడి పేజీ పుడుతుందన్న సంగతి కూడా చాలామంది గమనించరు. అదుపులేకుండా కీవర్డ్‌లన్నింటినీ ట్యాగులు చేస్తే ఒక్కో చీర మాత్రమే ఉన్న పేజీలు వందలకొద్దీ తయారై, వెతుకుడు యంత్రాలకూ మనుషులకూ పనికిరాని చెత్త పోగవుతుంది.

డెవలపర్‌తో మాట్లాడేటప్పుడు ఒక చిన్న ప్రశ్న తప్పకుండా అడగాలి: కొత్త ట్యాగులను ఉన్నవాటికి చేరుస్తారా, ఉన్నవాటిని తీసేసి కొత్తవి పెడతారా? వర్డ్‌ప్రెస్‌లో ట్యాగులు అంటించే ఫంక్షన్‌కు ఈ ఎంపిక ఒక్క మాటతో చెప్పాలి. ఏమీ చెప్పకపోతే అది పాతవన్నీ తీసేసి కొత్తవి పెడుతుంది. చేతితో శ్రద్ధగా పెట్టిన ట్యాగులు ఫొటో మార్చిన మరుక్షణం పోవడానికి కారణం తరచుగా ఇదే. చేర్చే పద్ధతి ఎంచుకున్నా ఒక చిక్కుంది. తప్పు అని గమనించి చేతితో తీసేసిన ట్యాగు, ఫొటోను మళ్లీ చదివినప్పుడు తిరిగి వచ్చి కూర్చుంటుంది. కీవర్డ్‌లను సరుకు మొదటిసారి తయారైనప్పుడు ఒక్కసారే చదివి, ఆపై ట్యాగుల బాధ్యత షాపుకే వదిలేయడం అన్నిటికన్నా తేలిక.

ఇవన్నీ కుదిరినా ఫొటో షాపుదాకా వచ్చే దారిలోనే కీవర్డ్‌లు రాలిపోవచ్చు. మన దగ్గర నేతగాళ్ల నుంచి, మాస్టర్ వీవర్ల నుంచి ఫొటోలు వచ్చేది చాలావరకు వాట్సాప్‌లోనే. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి లోపలి సమాచారాన్ని తీసేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే ఫైలు యథాతథంగా వస్తుంది. లైట్‌రూమ్ అనే అడోబీ ఫొటో సాఫ్ట్‌వేర్ నుంచి ఎగుమతి చేసేటప్పుడు ‘కాపీరైట్ మాత్రమే’ అన్న ఎంపిక ఉంటే కీవర్డ్‌లు బయటికి రావు. అదే లైట్‌రూమ్‌లో కీవర్డ్‌కు పర్యాయపదాలు రాసుకుని, వాటిని ఎగుమతి చేయనిస్తే అవి కూడా విడి కీవర్డ్‌లుగా వచ్చి చేరతాయి. కొనేవారు రోమన్ లిపిలో రకరకాలుగా రాసే ఇక్కత్ స్పెల్లింగులను షాపు సెర్చ్ అమరికలో పెట్టాలి గాని కీవర్డ్‌లలో కాదు. డబ్బు పెట్టలేనివారికి అటువంటిదే అయిన డిజీక్యామ్ ఉచితంగా దొరుకుతుంది, కీవర్డ్‌లను చెట్టు రూపంలో సర్దుకునే సౌకర్యం అందులోనూ ఉంది. ఫొటోల బరువు తగ్గించే ప్లగిన్లు లోపలి సమాచారాన్ని తుడిచేయడం మామూలే కాబట్టి కీవర్డ్‌లను చదివే పని వాటికన్నా ముందు జరగాలి.

తుడిచేయడం నిజానికి మంచిదే, చదవడం పూర్తయ్యాక. ఫోన్‌తో మగ్గం దగ్గరే తీసిన ఫొటోలో ఆ ఇంటి జీపీఎస్ స్థానం కూడా ఉండవచ్చు. ఆ ఫైలును యథాతథంగా షాపులో పెడితే నేతగాడి ఇంటి చిరునామాను లోకానికి అందించినట్టే. వర్డ్‌ప్రెస్ తయారుచేసే చిన్న సైజు ఫొటోల్లో ఆ సమాచారం కొన్ని సర్వర్లలో పోతుంది, కొన్నింటిలో పోదు. అసలు ఫైలు మాత్రం సర్వర్‌లో అలాగే ఉంటుంది, చిరునామా ఊహించగలిగినవారు దాన్ని దించుకోగలరు. లోపలి కీవర్డ్‌లను అలాగే ఉంచితే గూగుల్‌లో షాపు పైకి వస్తుందన్న నమ్మకంతో వాటిని తుడవడానికి జంకేవారు ఉన్నారు. గూగుల్ ఇమేజెస్ ఐపీటీసీ గడుల నుంచి ఫొటోగ్రాఫర్ పేరు, కాపీరైట్, లైసెన్సు వివరాలు చూపిస్తుంది. ఫొటో దేని గురించో తెలుసుకోవడానికి మాత్రం పేజీలోని రాతనూ, శీర్షికనూ, ఫొటోకు బదులుగా చదివేందుకు ఇచ్చిన ఆల్ట్ వివరణనూ చూడమని దాని మార్గదర్శకాలే చెబుతున్నాయి. కాబట్టి కాపీరైట్ గడి ఉంచి, జీపీఎస్ తీసేసి, కీవర్డ్‌లు ఉన్నా లేకపోయినా ఫర్వాలేదనుకోవచ్చు.

ఈ ఏర్పాటంతా అందరికీ అవసరమా అంటే కాదు. ఏడాది పొడవునా అవే ముప్పై సరుకులు అమ్మే షాపులో ఒక మధ్యాహ్నం కూర్చుంటే ట్యాగులన్నీ చేతితో పెట్టేయవచ్చు, పట్టికలూ ప్లగిన్లూ అక్కడ దండగ. ఫొటోలు తీసేవారు ఒకరూ షాపు చూసేవారు ఒకరూ అయి, వారానికి పదుల కొద్దీ విడి చీరలు ఎక్కించే చోట మాత్రం పట్టిక రాసుకోవడానికి పెట్టిన శ్రమ త్వరగానే తిరిగివస్తుంది. అక్కడ కూడా మొదటి కొన్ని వారాలు సరుకులను డ్రాఫ్ట్‌గానే ఉంచి, యంత్రం వేసిన ట్యాగులనూ వదిలేసిన మాటలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే ప్రచురించాలి.